ఫిల్లింగ్ ఉన్న పంటికి సీలెంట్: ఐదేళ్ల తర్వాత నా అభిప్రాయం

సీలెంట్ అంటే పుచ్చు పట్టకుండా పంటి మీది గీతలను కప్పే పల్చటి పూత. ఆ పేరు అనగానే ఆరేళ్లకు, పన్నెండేళ్లకు దవడ పళ్లు వచ్చే పిల్లలకే అనుకుంటారు చాలామంది. నాకు నడివయసులో, అదీ ముందే చిన్న కాంపోజిట్ (పంటి రంగు) ఫిల్లింగులు ఉన్న రెండు కింది దవడ పళ్లకు వేశారు. ఫిల్లింగు లేని చోట పంటి మీద బ్రష్ కుచ్చు దూరనంత సన్నటి గీతలు మిగిలిపోయాయి. వాటినీ ఫిల్లింగు అంచులనూ కలిపి కప్పేశారు. ఐదేళ్లు దాటినా ఆ రెండు పళ్లూ మళ్లీ పుచ్చలేదు.

తిరుపతిలో నేను చూపించుకునే డాక్టరమ్మ ముందు ఎక్స్‌రే తీసి, ఫిల్లింగు కింద పుచ్చు లేదని చూసుకున్నారు. పన్ను శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ కాసేపు ఉంచి కడిగేసి, గాలితో ఆరబెట్టారు. పంటి పైభాగం సుద్దముక్కలా తెల్లబడింది. ఆ తెలుపు వస్తేనే సీలెంట్ పట్టు దొరుకుతుందని అద్దంలో చూపించారు. తర్వాత పల్చటి సీలెంట్ ద్రవం పూసి, అది గట్టిపడేందుకు నీలం లైటు పెట్టారు. ఇంజెక్షన్ లేదు, నొప్పి లేదు.

అసలు కీలకం ఉమ్మి తగలకపోవడం. అంతకుముందు వేరే క్లినిక్‌లో దూది కూడా సరిగ్గా పెట్టకుండా హడావుడిగా వేసిన సీలెంట్ కొన్ని నెలలకే పెచ్చులా ఊడిపోయింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఆ పన్ను ఏమవుతుందోనన్న టెన్షనే ఎక్కువైంది.

తేడా నాకు బాగా తెలిసింది మామిడి తాండ్ర తిన్నప్పుడు. ఇదివరకు ఆ గీతల్లో ఇరుక్కుంటే పుల్లతో గెలకాల్సి వచ్చేది. ఇప్పుడు నీళ్లు పుక్కిలిస్తే చాలు. ఒక పంటి మీద మాత్రం మూల దగ్గర కొంచెం రాలింది. చెకప్‌లో కనిపెట్టి అక్కడికక్కడే మళ్లీ పూశారు. లడ్డూలో కలకండ పలుకు తగిలితే ఇప్పుడు కొరకను, చప్పరిస్తాను.

పళ్ల సందుల్లో వచ్చే పుచ్చు సీలెంట్‌తో ఆగదు, అక్కడ ఫ్లాస్ వాడాల్సిందే. ఫిల్లింగు పగిలినా, కింద పుచ్చు బాగా పాకినా పైన పూత వేసి సరిపెట్టకూడదు. నా పై దవడలో పాత వెండి ఫిల్లింగు ఒకటుంది. సీలెంట్ పంటి ఎనామిల్‌ను (గట్టి పైపొరను) పట్టుకున్నంత గట్టిగా లోహాన్ని పట్టుకోదని డాక్టరమ్మ దానికి వేయనన్నారు. అంచు చెడితే మార్చేద్దామన్నారు, ప్రతి చెకప్‌లోనూ దాన్ని చూస్తున్నారు.