వలస వచ్చినవాళ్ల అమెరికా: ఏది చూడాలి, ఏది వదిలేయవచ్చు

పిట్స్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లు సాధారణంగా పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామిని దర్శించుకుని, పులిహోర తిని తిరిగి వచ్చేస్తారు. 1976 నుంచి ఉన్న ఆ ఆలయానికి దగ్గర్లోనే, మోనాంగహీలా నది ఒడ్డున, క్యారీ ఫర్నేసులనే పాత ఇనుము కొలిములు ఉన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. వందేళ్లకు పైగా కిందట యూరప్, చైనాల నుంచి వచ్చినవాళ్లు దిగిన, బతికిన, ఒళ్లు హూనం చేసుకున్న చోట్లన్నీ అమ్మానాన్నలతో కలిసి న్యూయార్క్ నుంచి యూటా దాకా చూసుకుంటూ వెళ్లాం. అన్నిటిలో నా ఓటు తుప్పు పట్టిన ఈ కొలిములకే.

న్యూయార్క్‌లో బస ఖరీదు. నది అవతల జెర్సీ సిటీలో దిగితే కొంత నయం, న్యూఆర్క్ అవెన్యూలో మన భోజనం కూడా దొరుకుతుంది. ఎల్లిస్ దీవి 1892 నుంచి 1954 వరకు కోటీ ఇరవై లక్షల మంది వలసదారులు దాటి వచ్చిన ద్వారం. పడవ టికెట్టులో స్వేచ్ఛా ప్రతిమ కూడా కలిసే ఉంటుంది, చిక్కంతా అక్కడే. విగ్రహం దగ్గర ఎండలో తిరిగి తిరిగి ఎల్లిస్ చేరేసరికి పెద్దవాళ్లు కూలబడతారు. పొద్దున్నే మొదటి పడవ ఎక్కడం మంచిది. వలసదారులను తనిఖీ చేసిన రిజిస్ట్రీ హాలు ఘనంగానే ఉంది కానీ, జనం లేని పెళ్లిపందిరిలా నాకు ఏమీ చెప్పలేదు.

ఆ హాలు చెప్పనిది ఆర్చర్డ్ వీధి 97వ నంబరు ఇల్లు చెప్పింది. 1863లో కట్టిన ఈ అద్దె వాటాల భవనమే ఇప్పుడు టెనెమెంట్ మ్యూజియం. వాటా ఒక్కొక్కటి సుమారు 325 చదరపు అడుగులు, మూడు గదులు. అందులోనే పోలండ్ నుంచి వచ్చిన లెవీన్ దంపతులు 1890లలో కాపురంతో పాటు దుస్తులు కుట్టే కార్ఖానా కూడా నడిపారు. మొదట్లో మరుగుదొడ్లు పెరట్లోనే ఉండేవి. "పిల్లలు ఎక్కడ పడుకునేవారమ్మా?" అని అమ్మ అడిగితే, గైడు ఓపికగా ఒక్కొక్క మూలా చూపించింది. గైడు లేకుండా లోపలికి పంపరు కాబట్టి టికెట్లు ముందే తీసుకోవాలి. పాత మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి.

ఇక క్యారీ ఫర్నేసులు. ఇక్కడ ఇనుము కరిగించడం 1884లో మొదలై 1982లో ఆగింది. ఇప్పుడు నిలబడి ఉన్న 6, 7 నంబర్లు 1907 నాటివి. ఎత్తు 92 అడుగులు. మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెడితే, ఇక్కడ క్యారీ అని ఆడపిల్ల పేరు పెట్టడం ఆయనకు తెగ నచ్చింది. ముడిఖనిజం, కోక్ (బొగ్గు నుంచి తయారు చేసే ఇంధనం), సున్నపురాయి పైనుంచి వేయడం, వేడిగాలి కింది నుంచి ఊదడం, కరిగిన ఇనుమును వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు తరలించడం... గైడు చెబుతుంటే సగం వాక్యాలు ఆయనే పూర్తి చేశారు. అవతలి ఒడ్డే హోమ్‌స్టెడ్ ఊరు. 1892 జులై 6న అక్కడి ఉక్కు కర్మాగారం నడిపిన కార్నెగీ కంపెనీ తరఫున, పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ కాపలా మనుషులు 300 మంది బార్జీల్లో దిగబోతే, కార్మికులు తిరగబడి పోరాడిన చోటు. ఇరువైపులా ప్రాణాలు పోయాయి. ఆనాటి పంపుహౌసు మిగిలింది. మిగతా కర్మాగారం స్థలంలో వరసగా పొగగొట్టాలు, వాటి పక్కన షాపింగ్ మాల్. యాత్ర మొత్తంలో నాకు ఒళ్లు మండింది ఆ పార్కింగు స్థలంలోనే. ఫర్నేసుల టూర్లు వెచ్చని నెలల్లోనే ఉంటాయి, గట్టి బూట్లు వేసుకోవాలి.

నెబ్రాస్కాలోని బియాట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ పార్కుకు (పేరు ఒకటే అయినా పిట్స్‌బర్గ్ దగ్గరి ఊరు వేరు) ప్రవేశం ఉచితం. 1862 చట్టం కింద అయిదేళ్లు కాపురముండి సాగు చేసినవారికి 160 ఎకరాలు దఖలు పడేవి. మ్యూజియం పైకప్పును నాగలి ఆకారంలో కట్టారు. గేటు దగ్గరి ఇనుప గోడలో, ఇలా నేల పంచిన ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పలక ఉంది. ఎంత నేల అలా పంచారో పలకలోని రంధ్రం చూపిస్తుంది. ఆ నేల ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా లోపల దాచకుండా చెప్పారు. బిగ్ బ్లూ నది దగ్గరి ఓటో-మిస్సోరియా జనాన్ని 1881లో ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. ఊళ్లో మేము దిగిన మోటెల్లో దుప్పట్లు మాసి ఉన్నాయి, శాకాహారం అంటే బంగాళాదుంపలే. లింకన్‌లో ఉండి పొద్దున్నే వచ్చి వెళ్లడం మేలు.

యూటాలోని ప్రొమంటరీ అన్నిటికన్నా దూరాభారం. 1869 మే 10న తూర్పు, పడమర రైలు మార్గాలు కలిసింది ఇక్కడే. పడమటి నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ వైపు పట్టాలు వేసినవాళ్లలో అత్యధికులు చైనా కూలీలు. పదమూడేళ్లకే, 1882లో, చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారు. నాటి పట్టాలను 1942లో యుద్ధానికి ఇనుము కోసం పీకేశారు. ఇప్పుడు కనిపించే రెండు ఆవిరి ఇంజన్లు నమూనాలే. అవి నడిచేది వేసవిలో, అందుకని తేదీలు చూసుకుని బయలుదేరండి. బస బ్రిగమ్ సిటీలో దొరుకుతుంది, పెట్రోలు కూడా అక్కడే నింపుకోవాలి. పిల్లలుంటే తప్పకుండా వెళ్లండి. లేకపోతే ఆ ఒక్క రోజూ పిట్స్‌బర్గ్‌కే ఇవ్వండి.