చెట్లు లేని ఇకాలుయిట్‌లో మొక్కల వేట

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతపు రాజధాని ఇకాలుయిట్‌కి బయటి నుంచి రోడ్డే లేదు. దేశ రాజధాని ఒట్టావా నుంచి విమానంలో సుమారు మూడు గంటలు. సరుకులు కూడా విమానంలోనో, వేసవి ఓడల్లోనో రావాలి కాబట్టి ధరలు మండిపోతుంటాయి. మేం ముందు దిగిన హోటల్ కట్టిన డబ్బుకి ఏ రకంగానూ తగదు. వేడినీళ్ల కోసం రిసెప్షన్ చుట్టూ తిరగాల్సొచ్చింది. తర్వాత ఊరి శివారు పేట ఎపెక్స్‌లో, వంటగది వాడుకోనిచ్చే ఇంటికి మారాక ప్రాణం కుదుటపడింది. శాకాహారులు మొదటే అలాంటిది చూసుకోండి, పప్పూ బియ్యం మోసుకెళ్లండి.

మ్యూజియం చిన్నది, శిల్పాలు బాగున్నాయి, గంటలో అయిపోతుంది. రోజంతా ఇవ్వాల్సింది ఊరి పక్కనే ఉన్న సిల్వియా గ్రిన్నెల్ పార్కుకి. అదీ ఇన్యుయిట్ (అక్కడి ఆదివాసీ) గైడుతో. ఆ ఫీజు ఎక్కువే అయినా దండగ కాదు. మనంతట మనం వెళ్తే కనబడేది పచ్చటి నేలే.

చెట్లు లేవనుకుంటూ మేం తొక్కుతున్నది ఆర్కిటిక్ విల్లో అనే పొట్టి చెట్టునే! కింద కరగని మంచునేల, పైన ఈదురుగాలి. అందుకే కొమ్మలు నేలబారుగా పాకుతాయి. ఆకుల్లో విటమిన్ సి బాగా ఉంటుందట. ఆ పక్కనే తెల్ల గంటల్లాంటి పూలు పూసే హెదర్ పొద. జిగురు ఉండటంతో తడిగా ఉన్నా మండుతుంది, కట్టెలు దొరకని చోట వంటచెరకు అదే.

గైడమ్మ కుల్లిక్ వెలిగించి చూపించారు. అర్ధచంద్రాకారపు బలపపురాతి దీపం, సీల్ కొవ్వు నూనె, వత్తికి ఆర్కిటిక్ కాటన్ అనే గడ్డి దూది, నాచు. వత్తిని అంచు వెంట పరిచి, చిన్న పుల్లతో సర్దుతూ మంట పెంచారు, తగ్గించారు. ఒకప్పుడు మంచు ఇళ్లలో వెలుతురూ, వేడీ, వంటా, తాగునీటికి మంచు కరిగించడమూ దీంతోనే. నునావుట్ రాజముద్రలోనూ ఇది ఉంది.

తర్వాత ఆవిడ కుంగులిక్ ఆకు తుంచి ఇచ్చారు. నోట్లో పెట్టగానే అచ్చం చుక్కకూర పులుపు! రెండూ ఒకే కుటుంబపు మొక్కలే. పప్పులో వేద్దామని మా ఆవిడ గుప్పెడు కోయబోతే, "తినేంతే తీసుకో" అని నవ్వుతూ ఆపేశారు.

నల్ల క్రోబెర్రీలు కావాలంటే ఆగస్టు. నునావుట్ అధికార పుష్పం, ఊదారంగు శాక్సిఫ్రేజ్ చూడాలంటే జూన్‌లో వెళ్లాలి, ఆగస్టుకి రాలిపోతుంది. దోమల వల మర్చిపోవద్దు. టాక్సీలో మనిషికింత చొప్పున తీసుకుంటారు, ఎక్కేముందే అడగండి.