ఆరేళ్లు, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ షాపు

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. 2019లో రెండు సిస్టమ్స్‌లో ఒకదానికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. రెండోది ఇప్పటికీ విండోసే. పెళ్లి కార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాం, ఆ పనిని లినక్స్‌కి మార్చే ఓపిక నాకు లేదు. హాల్ టికెట్లు, ఆధార్, ఈసీ కాపీలు మాత్రం లినక్స్ మీదే.

అప్పటికి షాపులో ఉన్నది పేరున్న కంపెనీ లేజర్ ప్రింటర్. ఏ కంపెనీయో చెప్పను. లినక్స్ డ్రైవర్ (కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య పనిచేసే ప్రోగ్రామ్) వాళ్లే ఇచ్చారు, సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రామ్ అసలు రాత మాత్రం ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్లు వంక పెట్టడానికేమీ లేదు. టోనర్ ఎంత మిగిలిందో చూపించేది, హాల్ టికెట్ మీద ఫొటో కూడా మనిషిని గుర్తుపట్టేలా వచ్చేది.

తర్వాత మింట్ కొత్త వెర్షన్‌కి మారాను. సరిగ్గా ఎంసెట్ హాల్ టికెట్ల రోజులు (పేరు ఈఏపీసెట్ అయినా మా కౌంటర్ దగ్గర అందరూ ఎంసెట్ అనే అంటారు). ప్రింట్ కొడితే స్క్రీన్ మీద పని పూర్తయినట్టే కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. ఆ టెన్షన్‌లో కేబుల్ మార్చాను, ప్రింటర్ ఆపి మళ్లీ వేశాను, చివరికి పిల్లల్ని పక్క షాపుకి పంపాను. రాత్రి కూర్చుని లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ డ్రైవర్‌లోని ప్రోగ్రామ్ 32 బిట్‌ది, అంటే పాత తరహాది. దానికి కావలసిన లైబ్రరీలు (సహాయక ఫైళ్లు) కొత్త సిస్టమ్‌లో లేవు. విడిగా వేశాక లేచింది. కానీ వెర్షన్ మార్చాలంటే ఆ తర్వాత ప్రతిసారీ భయమే.

లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే ప్రోగ్రామ్. మనం పంపిన పీడీఎఫ్‌ని ఫిల్టర్లు అనే చిన్న ప్రోగ్రాముల గుండా నడిపి, చివరి ఫిల్టర్‌తో ప్రింటర్‌కి అర్థమయ్యే రూపంలోకి తెస్తుంది. మా పాత ప్రింటర్‌కి ఆ చివరి ఫిల్టరే కంపెనీ గుప్పిట్లో ఉంది.

2021లో బ్రదర్ లేజర్ కొన్నాను. దానికి పనికొచ్చే బీఆర్‌లేజర్ అనే ఫ్రీ డ్రైవర్, మింట్‌కి ఆధారమైన డెబియన్, ఉబుంటు లినక్స్‌ల రిపాజిటరీల్లోనే (ప్రోగ్రాములు దింపుకునే ఆన్‌లైన్ గోదాముల్లోనే) ఉంది. ఒక్క కమాండ్‌తో పని అయిపోయింది. తర్వాత మింట్ రెండుసార్లు మార్చినా దాని జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు. పోయినేడు పాత లినక్స్ సిస్టమ్ పాడైతే, దాని బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టాను. అందులో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. పాత ప్రింటర్ డ్రైవర్ ఇంటెల్ తరహా మెషీన్ల కోసమే తయారైంది కాబట్టి దీనిమీద నడవదు. బీఆర్‌లేజర్ సోర్స్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి ఆర్మ్‌కీ ప్యాకేజీ సిద్ధంగా దొరికింది. ఈ తేడా చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

లోపం లేదనను. ఫొటోలు కొంచెం నల్లబడతాయి. కస్టమర్ ముఖం చిట్లిస్తే ఆ ఒక్క పేజీ విండోస్ నుంచి తీసిస్తాను.

కొంతమంది అడుగుతుంటారు, ఫ్రీ డ్రైవర్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయా అని. ఇలాంటి లేజర్లకి పేజీ మొత్తం కంప్యూటర్‌లోనే చుక్కల బొమ్మగా మారి వెళ్తుంది. డ్రైవర్‌కి కా, గా తేడా కూడా తెలియదు. ఒత్తు తప్పిందంటే పీడీఎఫ్‌లో ఫాంట్ సంగతి చూసుకోవాలి.

కొత్తగా కొనేవాళ్లకి ఒక మాట. హెచ్‌పీ వాళ్ల లినక్స్ డ్రైవర్ల ప్యాకేజీ హెచ్‌పీలిప్ ఓపెన్ సోర్సే (సోర్స్ అందరికీ ఇచ్చినదే) గానీ, కొన్ని మోడళ్లకి విడిగా ఒక ప్లగిన్ (అదనపు ముక్క) కావాలి, దానికి సోర్స్ ఉండదు. హెచ్‌పీలిప్ వెర్షన్ మారితే ప్లగిన్‌ని కూడా అదే వెర్షన్‌కి మార్చుకోవాలి. కొనేముందు మోడల్ నంబర్ చూసుకోండి. ఎయిర్‌ప్రింట్ (విడిగా డ్రైవర్ వేయకుండానే ప్రింట్ తీసే పద్ధతి) ఉన్న కొత్త వైఫై ప్రింటరైతే చాలావరకు డ్రైవర్ గొడవే ఉండదు.

పాత ప్రింటర్ పారేయలేదు. విండోస్ సిస్టమ్‌కి తగిలించాను, కరపత్రాల ప్రూఫులు ఇప్పటికీ దానిమీదే తీస్తున్నాం.