టాటా ఏస్ సామాన్: పాతది తేవాల్నా, కొత్తది కొనాల్నా, ఏది మేలు?

మాది నల్గొండ దగ్గర, నాకు ఒక పాత టాటా ఏస్ ఉన్నది, 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్‌ది, బత్తాయిలు ఏస్కొని హైదరాబాద్ పక్కన ఉన్న బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తిరుగుత. కాయ దించినంక పొద్దుగాలనే బండి ఖాళీ అయితది, ఇంటికి వచ్చే ముందు అట్లనే హైదరాబాద్ ఆటోనగర్ దాకా పోయి పాత సామాన్ దుకాణాలల్ల తిరుగుడు అలవాటైంది. మావోళ్లు ఊకె ఫోన్లు చేస్తరు, అన్నా డోర్ పోయింది, సెల్ఫ్ పోయింది, షోరూంల కొనాల్నా, పాతది తేవాల్నా, డూప్లికేట్ వేస్తే నడుస్తదా అని, అందుకే అంతా ఒక్కకాడ రాస్తున్న.

పాతదా కొత్తదా అని ఉత్తగ అడిగితే జవాబు ఉండదు, ఏ సామాన్ అనేది చెప్పాలె. రేకు సామాన్, పోత సామాన్ అయితే కంపెనీ బండికి పెట్టి ఇచ్చిన పాతదే మేలు. రబ్బరు ఉన్నది, అరిగేది, దాని మీద మన పానం ఆధారపడేది అయితే కొత్తదే, అది కూడ బిల్లుతోని.

డోర్ సంగతి చూద్దాం. నాది ఎడమ డోర్ కింద మొత్తం తుప్పు తిని పోతే మొదాల డూప్లికేట్ కొత్తది పెట్టించిన. చూస్తానికి మెరుస్తది కానీ రేకు పల్చగ, ఏలుతోని ఒత్తితే లోపలికి పోతది, మూస్తే పైన సందు పడుతది, మేస్త్రీ కబ్జాలు ఎంత సర్దినా కూసోలే, రెండు వానాకాలాలకే అంచుల పెయింట్ ఉబ్బింది. తర్వాత ఆటోనగర్ల యాక్సిడెంట్ బండిది ఒకటి దొరికింది, ముందు భాగం నుజ్జు అయింది కానీ డోర్‌కు గీత కూడ పడలే, 3,000 చెప్పిండు, 1,800కు ఇచ్చిండు. మన బండి కబ్జాలకు పెట్టి బిగిస్తే టక్కున కూసున్నది. రంగు వేయించిన ఖర్చు కలిపినా కంపెనీ కొత్త డోర్ కంటె మస్తు తక్కువల పడ్డది.

కానీ చూడకుండ తెచ్చుకోవద్దు. నేను జేబుల చిన్న అయస్కాంతం పెట్టుకొని పోత, డోర్ మీద అంతట ఆనించుకుంట పోతే యాడ జారిపోతదో ఆడ లోపల లప్పం పెట్టినట్టే, అంటే ఆ డోర్ ఒకసారి దెబ్బ తిని డెంటింగ్ అయింది. ఇంకోటి, డోర్ బోర్లేసి కింది అంచున నీళ్లు పోయేటందుకు ఉన్న బొక్కలు చూడాలె, అవి మట్టితోని మూస్కపోయి ఉంటే నీళ్లు లోపల్నే నిలబడి రేకు లోపలికెల్లి తిన్నదన్నట్టు, పైన ఎంత మంచిగ ఉన్నా వద్దు.

ఇగ బ్రేక్ కాడ నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. ఒకపారి పైసలకు ఇబ్బంది ఉండి పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దిక్కు తోసే బ్రేక్ మాస్టర్ సిలిండర్ కూడ పాతదే తెచ్చి పెట్టించిన, దుకాణాయన నడిచే బండిలకెల్లే తీసిన అన్నడు. నాలుగు రోజులు మంచిగనే పట్టింది. ఒకరోజు నిండు లోడ్‌తోని పంతంగి టోల్ కాడ లైన్ల ఆగుతుంటే పెడల్ మీద కాలు పెట్టిన, అది మెల్లగ కిందికి పోతనే ఉన్నది, పోతనే ఉన్నది, గేర్ తగ్గించి హ్యాండ్ బ్రేక్ గుంజితే ముందున్న కారుకు మూరెడు దూరంల ఆగింది. కాళ్లు వణికినయ్. తర్వాత మెకానిక్ ఇప్పి చూపిచ్చిండు, లోపలి రబ్బరు కప్పులు గట్టిపడి అంచు చీలిపోయినయ్, సిలిండర్ గోడకు సన్నటి తుప్పు గుంతలు ఉన్నయ్. బ్రేక్ ఆయిల్ గాలిలున్న తేమను గుంజుకుంటది, స్క్రాప్ యార్డుల నెలల తరబడి ఊకె పడి ఉన్నదాంట్ల ఆ నీళ్లే లోపల తుప్పు పట్టిస్తయ్, బయటికి ఏం కనపడదు. బ్రేక్ లైనర్లు, హోస్ పైపులు, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్‌లు, కార్లల్ల అయితే సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, ఇవన్నీ ఎవలు ఫ్రీగ ఇచ్చినా పాతయి వద్దు.

సెల్ఫ్ మోటార్, డైనమో పోతే మూడో దారి ఉన్నది, అదే నాకు అన్నిట్ల నచ్చింది. మన బండిదే ఇప్పి మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర రిపేర్ చేయించుడు. శాన సార్లు కార్బన్ బ్రష్‌లో బుష్‌లో అరిగి ఉంటయ్, ఆర్మేచర్, అంటే లోపల తిరిగే తీగల చుట్ట, కాలకపోతే అవి మారిస్తే సరిపోతది, తక్కువల పోతది. ఆర్మేచర్ కాలితేనే పాతది చూడాలె, దుకాణంలనే బ్యాటరీ పెట్టి తిప్పించుకోండి, తిరిగేటప్పుడు గరగర సప్పుడు వస్తే ఆడనే వదిలేయండి.

గేర్ బాక్స్ అయితే పాతదే తెస్త, కానీ తెచ్చింది తెచ్చినట్టు ఎక్కించ. ఆయిల్ బోల్ట్ ఇప్పి రెండు చుక్కలు అరచేతిల ఏసుకొని ఎండల చూడాలె, వెండి పొడి లెక్క మెరిస్తే లోపల పళ్లు అరిగినయ్ అన్నట్టు. మంచిగుంటే కూడ బేరింగులు, ఆయిల్ సీళ్లు కొత్తయి వేయించుకోవాలె, మళ్ల దించుడు అంటే కూలీ డబుల్.

ఇంజన్ గురించి గట్టిగ చెప్తున్న. ఇంజన్ నంబర్ ఆర్సీల ఉంటది, మారిస్తే ఆర్టీఏ ఆఫీసుల రాయించుకోవాలె, దానికి ఆ ఇంజన్ యాడికెల్లి వచ్చిందో కాగితం కావాలె. నంబర్ గీకి ఉన్నది చవుకగ వస్తుంది కదా అని తేవద్దు. దొంగ సొమ్ము అని తెలిసి కొన్నా, అనుమానం రావాల్సిన ఇంజన్ కొన్నా భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు పడొచ్చు. బిల్లు ఇయ్యనంటే బయటికి రండి.

టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటయ్, 2319 అంటే 2019ల 23వ వారంల తయారైంది, గుండీలు, అంటే టైర్ మీది గట్లు, ఎంత ఉన్నా పాత టైర్‌ల రబ్బరు గట్టిపడుతది, లోడ్ బండికి వద్దు. అద్దాలు, హెడ్‌లైట్లు పగుళ్లు లేకపోతే పాతయి నిమ్మళంగ తెచ్చుకోవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత పొగ మీద వచ్చిన కొత్త రూల్ బీఎస్6, ఆ బండ్లకు సెన్సార్లు ఎక్కువ, పేరు ఒక్కటే అని అంతకుముందటి బీఎస్4 సామాన్ తెస్తే కలువది.

ఒక లెక్క మాత్రం మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కాబట్టి ఆటోనగర్ పోయే ముందు షోరూంల కొత్తదాని రేటు అడిగి రాసుకోండి. పాతది సగం కంటె ఎక్కువ చెప్తే నేను కొన, ఎందుకంటే దానికి వారంటీ లేదు, పోయొచ్చే డీజిల్ ఉన్నది, కాయ సీజన్‌ల బండి ఒక్కరోజు ఆగితే అదొక నష్టం.

ఇప్పుడు నా బండికి వెనక డాల, అంటే లోడ్ దించేటప్పుడు తెరిచే రేకు తలుపు, కావాలె, వచ్చే లోడ్ దించినంక ఆటోనగర్ పోత. ఏస్ సామాన్ ఎవలికన్న కావాలంటే విరిగినదాని మీద అచ్చు పడ్డ పోత నంబర్ కనపడేటట్టు ఫొటో తీసి పంపండి, వీలైతే ఆ విరిగిందే నాకు ఇయ్యండి, పక్కపక్కకు పెట్టి బొక్కలు కొలిచి చూసి తెస్త.