లెగో ఎక్స్-వింగ్: కొన్నేళ్లు వాడాక, ముఖ్యంగా ఆ రెక్కల గురించి

స్టార్ వార్స్ సినిమాల్లో ల్యూక్ స్కైవాకర్ అనే పాత్ర నడిపే అంతరిక్ష యుద్ధ ఓడ ఎక్స్-వింగ్. ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మల కంపెనీ లెగో 2021లో తెచ్చిన దాని బొమ్మలో ఎన్ని ముక్కలుంటాయి, పెట్టెలో ఎవరెవరి బొమ్మలు వస్తాయి అన్నవి ఇప్పటికే అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది దాని రెక్కల గురించే.

కొన్నేళ్లుగా ఇది నా పని టేబుల్ పక్కనున్న షెల్ఫు మీదే ఉంది. ఆఫీసు కాల్ సాగుతూ ఉంటే చెయ్యి దానంతటదే దీని వీపు మీదికి పోతుంది. నొక్కగానే నాలుగు రెక్కలూ ఒకేసారి టక్కున విచ్చుకుంటాయి. ఆ చప్పుడూ, వేలికి తగిలే ఆ చిన్న అదురూ నాకు ఎంత ఇష్టమంటే, ఈ బొమ్మలో ఇంకేమీ లేకపోయినా దీని కోసమే కొనేవాణ్ణి.

1977 స్టార్ వార్స్ సినిమా కోసం ఈ ఓడను మొదట గీసింది కోలిన్ కాంట్వెల్. బ్రిటిష్ పబ్బుల్లో గోడ మీది బోర్డుకు విసిరే డార్ట్ నుంచి ఆ ఆకారం తట్టిందని ఆయనే చెప్పారు. బొమ్మను పక్క నుంచి చూస్తే ఆ డార్ట్ ఇప్పటికీ కనిపిస్తుంది: ముందుకు సాగిన సన్నటి ముక్కు, బరువంతా వెనక. కానీ ఆ ఓడకు పేరు తెచ్చింది ముక్కు కాదు, రెక్కలు. మామూలు ప్రయాణంలో అవి ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి, యుద్ధానికి దిగేటప్పుడు ఎక్స్ ఆకారంలో విడిపోతాయి. రెక్కలు కదలని ఎక్స్-వింగ్ ఎంత అందంగా ఉన్నా సగం బొమ్మే అని నా అభిప్రాయం. ఈ విషయంలో నేను రాజీపడను.

కట్టడం ఒక శని, ఆదివారాల పని. పక్కలకు అంటించే చిన్న చిన్న స్టిక్కర్ల దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. మిగతాదంతా సాఫీగా సాగింది. నాకు బాగా నచ్చింది లోపలి చట్రం. ఇరుసులు, పిన్నులు, రంధ్రాల బద్దలు, వాటి మధ్య సాగదీసి తగిలించే రబ్బరు బ్యాండ్లు. బయటి ముక్కలు ఎక్కించాక అదేదీ కనబడదు, రెక్కలు కదలడం మాత్రమే కనిపిస్తుంది. ఇంత చిన్న శరీరంలో మోటారూ, గేర్ల గుట్టా లేకుండా, ఒక్క రబ్బరు బిగువుతో నాలుగు రెక్కలను ఆడించిన ఆ డిజైనర్ మీద నాకు చాలా గౌరవం కలిగింది.

ఆ బిగువు విలువ అది పోయాక ఇంకా బాగా తెలిసింది.

సంక్రాంతి ముందు ఇంటికి రంగులు వేయించాం. బీరువా జరపడానికి వచ్చిన పనివాళ్లలో ఒకతను షెల్ఫు మీది సామానంతా ఒక్క ఊపున చేతుల్లోకి తీసుకున్నాడు. ఎక్స్-వింగ్ జారి గచ్చు మీద పడింది. నేను వచ్చేసరికి ముక్కలన్నీ ఒక పాలిథిన్ కవర్లో ఉన్నాయి. ఏరి పరిచి చూస్తే ఒక్క ముక్క కూడా విరగలేదు, అన్నీ ఊడాయంతే. కాక్‌పిట్ అద్దానికి ఒక గీత పడింది. రెక్క చివరి తుపాకీ మొన ఒకటి మర్నాడు మంచం కింద దొరికింది. దొరకనిది ఒక్కటే, లోపలి రబ్బరు బ్యాండ్లలో ఒకటి. తెగి ఎక్కడికి ఎగిరిందో, చెత్తతో పాటు ఊడ్చేశారో తెలియదు.

సూచనల పుస్తకం పోయినా భయం లేదు, కంపెనీ సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది. దాన్ని ఫోన్లో పెట్టుకుని మళ్లీ కట్టాను. బయటికి పూర్వంలాగే ఉంది, కానీ రెక్కలు వాలిపోయాయి. నొక్కితే ఒక పక్క లేస్తే రెండో పక్క వేలాడుతోంది. చూస్తుంటే మనసు చివుక్కుమంది.

ఒక్క రబ్బరు కోసం ఎక్కడి నుంచో పార్సిల్ తెప్పించుకోవాలనిపించలేదు. మొదట ఇంట్లో ఉన్న మామూలు రబ్బరు బ్యాండు, నోట్ల కట్టలకు చుట్టేది, రెండు చుట్లు వేసి తగిలించాను. ఆ రోజు అద్భుతంగా పని చేసింది. కానీ సాగదీసి ఉంచిన సహజ రబ్బరుకు వేడి, వెలుతురు, గాలిలోని ఓజోన్ అన్నీ శత్రువులే. హైదరాబాద్ ఎండలు ముదిరేసరికి దాని మీద సన్నటి పగుళ్లు వచ్చాయి, ఆ తర్వాత పుటుక్కున తెగింది.

అప్పుడు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ బజారుకు వెళ్లాను. పంపుసెట్ల సామాన్లు అమ్మే ఒక చిన్న దుకాణంలో ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు వలయాలు, అడిగితే, "ఏ మోటారుకు సార్?" అన్నాడాయన. బొమ్మకు అని చెప్పి, సంచిలోంచి చట్రం తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, "ఇది నల్లదానితో కాదు సార్, గట్టిగా ఉంటది. సిలికాన్ తీసుకోండి, సాగుతది" అన్నాడు. నేను రెండు రకాలూ తీసుకున్నాను. ఆయన మాటే నిజమైంది. నైట్రైల్ అనే రబ్బరుతో చేసిన ఆ నల్లటి రింగు వేస్తే రెక్కలు మొరాయించాయి. సిలికాన్ రింగు సరిగ్గా కూర్చుంది. వేడినీ ఓజోన్‌నూ సిలికాన్ బాగా తట్టుకుంటుంది కాబట్టి ఆ తర్వాతి వేసవి ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఇప్పటికీ అదే రింగు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. జిగురు లేదు, స్క్రూ లేదు. వీపు మీది ముక్కలు తీస్తే చట్రం బయటపడుతుంది, రింగు మార్చి మళ్లీ మూసేయొచ్చు. మిక్సీ పాడైతే విప్పే దారి లేక మొత్తం పారేస్తున్న రోజుల్లో, ఒక బొమ్మ తనను ఎలా బాగుచేయాలో తన పుస్తకంలోనే చెబుతోంది. లెగో కంపెనీ 1958లో పేటెంట్ తీసుకున్న అమరికతో వచ్చిన ఇటుకలు ఇవాళ్టి వాటికీ అతుకుతాయని చదివినప్పుడు అదొక ప్రకటన మాటలా అనిపించింది. ఊడిన ముక్కలన్నీ మునుపటి పట్టుతోనే మళ్లీ అతుక్కున్నాక ఆ మాట మీద గురి కుదిరింది.

అయితే కొత్తలో స్నేహితులకు చెప్పిన కొన్ని మాటలను ఇప్పుడు కొంచెం సవరించాలి. "పిల్లలు ఎలా ఆడినా ఏమీ కాదు" అనేవాణ్ణి. ఎలా పట్టుకోవాలో తెలిస్తే ఏమీ కాదు. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. రెక్కలు పట్టుకుని ఎత్తితే చివర్ల ఉన్న పొడుగాటి తుపాకులు ఊడి చేతికొస్తాయి. "ఒక్క నొక్కుతో తెరుచుకుంటాయి" అన్నది ఇప్పటికీ నిజమే, కానీ నా సిలికాన్ రింగుతో ఆ టక్కుమనే చురుకు కాస్త తగ్గింది. పాత చప్పుడు విన్న చెవికి ఆ తేడా తెలుస్తుంది. ఇక దుమ్ము. ఇంజిన్ల సందుల్లోకి చేరితే గుడ్డతో పోదు, మెత్తటి పెయింట్ బ్రష్ కావాలి. తెల్ల ముక్కలు ఎండకు పసుపెక్కుతాయి కాబట్టి కిటికీకి దూరంగా పెట్టాను.

2023లో వచ్చిన పెద్ద ఎక్స్-వింగ్, 1,949 ముక్కలది, దీనికంటే గొప్పదా అని కొందరు అడుగుతున్నారు. వివరాల్లో రెంటికీ పోలికే లేదు, అది చాలా ముందుంది. అద్దాల బీరువా ఉండి, చూసుకోవడానికే కావాలంటే డబ్బు కూడబెట్టుకుని అదే కొనండి. నాది అద్దె ఫ్లాటు, ఎప్పుడు మారాల్సి వస్తుందో తెలియదు, షెల్ఫు కూడా ఒక్కటే. పైగా నాకు చేతిలో పట్టుకుని నొక్కుకునే బొమ్మ కావాలి. అందుకని ఇదే నాకు సరిపోయింది. డిస్కౌంట్ వచ్చినప్పుడు కొన్నాను, పూర్తి ధరకైతే ఆలోచించేవాణ్ణి.

మా అక్క కొడుకు వచ్చినప్పుడల్లా ముందు దీని దగ్గరికే పరుగెత్తుతాడు, వాడికి అడ్డు చెప్పను. వాడి చెల్లి ఇప్పుడిప్పుడే పాకుతోంది, ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోంది. అందుకే స్ప్రింగ్ గన్నుల్లోంచి ఎగిరే చిన్న ముక్కలను తీసి డబ్బాలో పెట్టి అటకెక్కించాను. ఇంట్లో అంత చిన్న పిల్లలుంటే మీరు కూడా కట్టిన రోజే ఆ పని చేయండి.