"రీబిల్ట్" మోడల్ టీ కాయిల్స్ కొంటున్నారా? లోపలి కండెన్సర్ ఫొటో చూడకుండా డబ్బు కట్టకండి

ఫోర్డ్ మోడల్ టీ (వందేళ్లనాటి కారు) సామాన్లు కొనేవాళ్లలో చాలామందికి నాకు కాయిల్స్ అమ్మిన సెల్లర్ తెలుసు, పేరు రాయను. నాలుగు కాయిల్స్ (ఒక్కో సిలిండర్‌కి ఒకటి చొప్పున స్పార్క్ పుట్టించే చెక్క పెట్టెలు) సెట్టు, "పూర్తిగా రీబిల్ట్, కండెన్సర్లు కొత్తవి" అని రాసి అమ్మాడు. కండెన్సర్ అంటే పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ మంట రాకుండా ఆపే లోపలి భాగం. చెక్కకి కొత్త వార్నిష్, పైన కొత్త పాయింట్లు (కరెంటుని కలిపి విడదీసే లోహపు మొనలు). 6 వోల్టుల బ్యాటరీ ఇస్తే నాలుగూ జుయ్యిమన్నాయి. బండి స్టార్టయ్యాక స్విచ్ మాగ్నెటో (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఏర్పాటు) వైపు తిప్పగానే మిస్సింగ్. రెండు కాయిల్స్ పాయింట్ల దగ్గర నీలంగా మంట.

పాయింట్ల మధ్య కాగితం ముక్క దూర్చి, పై బ్రిడ్జికీ (పై పాయింటుని పట్టుకునే పట్టీ) కింది స్ప్రింగుకీ కెపాసిటెన్స్ కొలిచే మీటరు పెడితే 0.47 మైక్రోఫారడ్‌కి అటూ ఇటూగా చూపించాలి. వీటిలో అంతకంటే బాగా ఎక్కువ చూపించింది. ఎక్కువ చూపిస్తే బలమైనదని అనుకోకండి. లోపల లీకయ్యే పాత కండెన్సర్‌కి మామూలు మీటరు ఇలాగే ఎక్కువ చూపిస్తుంది. పక్క చెక్క జరిపి తారు గీకితే అసలు సంగతి బయటపడింది: కంపెనీ వాళ్లు పెట్టిన మైనపు కాగితం చుట్ట అలాగే ఉంది, తారు మీద చెయ్యి పడిన గుర్తే లేదు.

ఫొటోలు పంపాను. వచ్చిన జవాబు ఇది: "బజ్ కొడుతోంది కదా, ఇంకేం కావాలి? తారు గీకేశారు కాబట్టి వాపసు లేదు." చదవగానే ఒళ్లు మండిపోయింది. గీకితేగానీ మోసం కనపడదు, గీకితే వాపసు ఉండదు! ఇది వ్యాపారం కాదు, పచ్చి దగా.

బజ్ కొట్టడం దేనికీ రుజువు కాదు. బ్యాటరీ కరెంటు ఆగకుండా వస్తుంది కాబట్టి నీరసపు కాయిల్ కూడా మోగుతుంది. మాగ్నెటోది ఏసీ. ఫ్లైవీల్ మీద 16 అయస్కాంతాలు, ఒక్క చుట్టులో 16 సార్లు కరెంటు లేచి పడుతుంది. లేచిన ఆ క్షణంలోనే పాయింట్లు ఠక్కున విడిపోవాలి, లేకపోతే స్పార్క్ తర్వాతి పోటుదాకా ఆగుతుంది. నాలుగు కాయిల్స్ నాలుగు రకాలుగా కొడితే టైమింగ్ లివర్ ఎంత సర్దినా ఇంజిన్ నున్నగా నడవదు. కండెన్సర్ పోతే కొత్త పాయింట్లు కూడా త్వరగానే గుంటలు పడతాయి.

సరైన పరీక్ష చేత్తో తిప్పే కాయిల్ టెస్టర్ మీదే. కరెంటు 1.3 ఆంపియర్లు ఉండాలి, టెస్టర్ రింగు చుట్టూ 16 స్పార్కులు విడివిడిగా పడాలి. జంటగా పడుతుంటే కుషన్ స్ప్రింగ్ (పై పాయింటు ఉండే సన్నని స్ప్రింగ్) సరిగ్గా సెట్ చేయలేదన్నమాట, ఆ సందు 0.005 అంగుళం ఉండాలి. కింది స్ప్రింగుని నొక్కి పట్టుకున్నప్పుడు పాయింట్ల సందు 1/32 అంగుళం.

కొనేముందు పక్క చెక్క తీసిన ఫొటో, టెస్టర్ మీద నాలుగూ తిరుగుతున్న వీడియో అడగండి. పంపనంటే వదిలేయండి. ఇంకొకటి, బండి మీద పరీక్షించేటప్పుడు బ్యాటరీ వైరు మాగ్నెటో పోస్టుకి (దాని కరెంటు బయటికొచ్చే మొన) తగలనివ్వకండి, అయస్కాంతాల బలం పోతుంది.