చీమకుర్తి క్వారీల దగ్గర భూకంపన సర్వేకు ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది?

చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల సుత్తితో నేలను కొట్టి, జియోఫోన్లతో (నేల కంపనాలను పట్టే పరికరాలతో) తరంగాల ఆంప్లిట్యూడ్, అంటే కంపన తీవ్రత, కొలిచేవారికి బండలు మోసే లారీల రొద తప్పదు. ఒక లారీ పోయినా, పక్కన బ్లాస్టింగ్ జరిగినా ఒకటి రెండు రీడింగులు మిగతావాటికి పదింతలు పెరుగుతాయి. ఇటువంటి డేటాకు, ఉచితంగా దొరికే ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌ను నేను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. అయితే కొన్ని మెలకువలు తెలిసి ఉండాలి.

ఉదాహరణకు, ఒకే చోట కొట్టిన అయిదు దెబ్బలకు 41, 43, 42, 44, 390 అని రీడింగులు వచ్చాయనుకుందాం. వీటి సగటు 112, అంటే అయిదింటిలో దేనికీ దగ్గరగా లేని సంఖ్య. మధ్యగతం మాత్రం 43. ప్రామాణిక విచలనం సుమారు 155కు ఎగబాకగా, మధ్యగతం నుంచి ఉన్న తేడాల మధ్యగతాన్ని తీసుకునే ‘మ్యాడ్’ కొలత 1 దగ్గరే నిలుస్తుంది. ఆర్‌లోని మ్యాడ్ ఫంక్షన్ దీనిని అడగకుండానే 1.4826తో గుణించి, సాధారణ విభాజనానికి సరిపడే ప్రామాణిక విచలనం అంచనాగా ఇస్తుంది. పైథాన్ భాషలోని సైపై అనే గణిత లైబ్రరీ అలా గుణించదు, మనమే చెప్పాలి. రెండింటినీ కలిపి వాడే ఆఫీసుల్లో ఒకే డేటాకు రెండు జవాబులు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. మధ్యగతానికీ మూల్యం ఉంది: లారీల గోల లేని ప్రశాంతమైన రాత్రి తీసిన రీడింగులకు దాని సామర్థ్యం (అన్నే రీడింగులతో ఎంత కచ్చితమైన అంచనా ఇస్తుందన్నది) సగటుతో పోలిస్తే సుమారు 64 శాతమే కాబట్టి, అక్కడ సగటే మేలు.

దూరంతో పాటు ఆంప్లిట్యూడ్ ఎంత తగ్గుతోందో చూడడానికి, తరంగం విస్తరించడం వల్ల వచ్చే తగ్గుదలను ముందు సవరించి, లాగరిథమ్ తీసుకుని గీత గీస్తాము. ఇందుకు ఆర్‌కు చెందిన మాస్ ప్యాకేజీలోని ఆర్‌ఎల్‌ఎమ్ ఫంక్షన్ (విపరీత రీడింగులకు లొంగకుండా గీత గీసేది) చక్కగా పనిచేస్తుంది. అది మనం ఏమీ చెప్పకపోతే, గీతకు దూరంగా పడిన బిందువుల బరువును తగ్గించే హ్యూబర్ పద్ధతిని, 1.345 అనే హద్దుతో వాడుతుంది. మధ్యలోని జియోఫోన్‌కు లారీ రొద తగిలితే దాని ప్రభావాన్ని తగ్గించేస్తుంది. కానీ సుత్తికి దగ్గరగా ఉన్న మొదటి జియోఫోన్ క్లిప్ అయితే (కొలవగల గరిష్ఠ హద్దు దాటి రీడింగు అక్కడే ఆగిపోతే), ఆ బిందువు గీత చివరన ఉండడం వల్ల వాలునే లాగేస్తుంది, దానిని హ్యూబర్ పద్ధతి సరిగా ఆపలేదు. అప్పుడు అటువంటి చివరి బిందువులనూ తట్టుకునే ‘ఎమ్‌ఎమ్’ పద్ధతిని అదే ఫంక్షన్‌లో మనమే ఎంచుకోవాలి. ఈ ఒక్క మాట ఆ ఫంక్షన్ సహాయపు పేజీలో మరింత స్పష్టంగా ఉండవలసింది.

తీగ తెగిన జియోఫోన్ సున్నా ఇస్తే దాని లాగరిథమ్ రుణ అనంతం అవుతుంది. మధ్యగతం దానిని ఓర్చుకుంటుంది, ఆర్‌ఎల్‌ఎమ్ ఓర్చుకోదు. అటువంటి రీడింగులను ముందే తీసివేయాలి.

ఇక ప్రధానమైన లోపం: సర్వే యంత్రం ఇచ్చే సెగ్-2 (భూకంపన రికార్డుల ఫార్మాట్) ఫైళ్లు ఆర్‌లో నేరుగా తెరుచుకోవు. నేను వాటిని అబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీలో తెరిచి, సీఎస్‌వీగా (కామాలతో వేరుచేసిన మామూలు పట్టికగా) మార్చి ఆర్‌లోకి తెచ్చుకుంటున్నాను.